మూడో ఏటి చెరకు

పోయిన వారం మా లాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి సింకు దగ్గర నిలబడి ఏడుస్తూ కనిపించింది. సీసాలు కడుగుతున్నట్టు కొళాయి విప్పి పెట్టుకుంది. నీళ్లు ఊరికే పోతుంటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకని ముందు కొళాయి కట్టేసి, ఆ తర్వాత ఏమైందని అడిగాను. ఫోన్ తీసి చూపించింది. పీహెచ్‌డీ సీటు కోసం పెట్టుకున్న అర్జీ తిరగ్గొట్టారు. ఇది నాలుగోదట.

ఓదార్చడం నాకు చేతకాని పని. మా ఇంట్లో ఎవరైనా ఏడిస్తే నేను వంటింట్లోకి పోయి గిన్నెలు సర్దుతాను. ఆ పూట సర్దడానికి గిన్నెలు లేవు, ఆ పిల్ల నా మొహమే చూస్తోంది. నోరు తెరిచేసరికి, "ఎవరూ అడక్కుండా నువ్వు చేసే పని ఏమిటి?" అన్నాను. ఇంగ్లీషులోనే అన్నాను గాని, ఆ ప్రశ్న నాది కాదు. ముప్పై ఏళ్ల కిందట నౌసోరి మార్కెట్ వెనక రేకుల షెడ్డులో ఒకాయన నన్ను అడిగింది. ఆయన పోయి నాలుగేళ్లయింది. పేరు రాయను. ఎందుకు రాయనో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ఆయన నడక చూసి నవ్వుకోనివాళ్లు లేరు. అడుగు తీసి అడుగు వేస్తే సరిగ్గా గజం. ఎక్కువా లేదు, తక్కువా లేదు. పెళ్లికి వచ్చినా పందిట్లోకి తిన్నగా రాడు. ఆ కొసనుంచి ఈ కొసకు ఒకసారి నడిచి, కుర్చీల వరసలు చూసి, ఆ తర్వాతే కూర్చుంటాడు. మనం పలకరిస్తే బాగున్నావా అనడు. మన చేతిలో ఆకుకూర ఉంటే ఒక ఆకు తుంచి, వెనక్కి తిప్పి, వెలుగుకి పట్టి చూస్తాడు. మా అమ్మకి ఇది ఎంత చిరాకో. "కొన్న కూరకి జబ్బులు వెతకడమేంది" అని సణిగేది. జేబులో రెండు పెన్సిళ్లు ఉండేవి. పెన్నుతో రాయగా నేనెప్పుడూ చూడలేదు. ఎవరైనా ఏదైనా గట్టిగా చెబితే, అది దేశ రాజకీయమైనా పక్కింటి కోడలి సంగతైనా, "కొలిచినవా?" అనేవాడు. అంతటితో వాళ్ల నోరు మూతపడేది. ఇలాంటి మనిషికి స్నేహితులు ఎక్కువమంది ఉండరు. ఆయనకీ లేరు.

అయినా ఆయన దగ్గరికి జనం వచ్చేవాళ్లు. చెయ్యి విరిగితే కట్టు కట్టేవాడి దగ్గరికి తీసుకుపోయినట్టు, పెద్ద చదువుకి సీటు రాని పిల్లల్ని తల్లిదండ్రులు ఆయన దగ్గరికి పట్టుకొచ్చేవాళ్లు. కారణం ఒకటే. మన తెలుగువాళ్లలో అందరికంటే ముందు ఆ దెబ్బ తిన్నది ఆయనే అని ద్వీపమంతా తెలుసు. పక్క ద్వీపంలో, లంబాసా దగ్గర బులిలేకాలో చెరకు రైతు కొడుకు. మా ద్వీపాలకు స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, డెబ్బైల మొదట్లో, రాజధాని సువా వచ్చి సైన్సు చదివాడు. నాలుగు దేశాలకు అర్జీలు పెట్టాడు, నాలుగూ తిరిగొచ్చాయి. ఇంతవరకే అందరికీ తెలుసు.

నన్ను తీసుకుపోయింది మా నాన్న. ఆయన సువాలో తెలుగు సంఘం పనులు నెత్తిన వేసుకుని తిరిగేవాడు. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయడం నాకు వచ్చిందంటే ఆయన పోరు పడలేకే. నాకు అప్పటికి ఐదు అర్జీలు తిరిగొచ్చాయి. తొంభైల మొదట్లో సంగతి ఇది. నా తోటివాళ్లంతా ఏదో ఒక దేశానికి సామాను సర్దుకుంటుంటే నేను గది తలుపు వేసుకుని కూర్చున్నాను. అన్నం పళ్లెం గుమ్మం దగ్గర పెట్టి పోయేది మా అమ్మ. పదకొండో రోజున నాన్న తలుపు తట్టి, చెప్పులు వేసుకోమన్నాడు.

షెడ్డులో పాత నూనె డబ్బాలు సగానికి కోసి, వాటిలో వంగ, మిరప, కాబేజీ నారు పెంచుతున్నాడాయన. పొద్దున్నే మార్కెట్‌లో అమ్మడం, మధ్యాహ్నం ఇక్కడ నీళ్లు పోయడం. అదీ అప్పటి ఆయన బతుకు.

"తమ్ముడూ, పిల్లకి సీటు రాలే. జర నువ్వు సమఝాయించు," అన్నాడు నాన్న. మా ద్వీపాల్లో తెలుగు సగం హిందీతోనే నడుస్తుంది.

ఆయన చెయ్యి చాచాడు. ఆఖరి ఉత్తరం ఇచ్చాను. నిలబడే చదివాడు, రెండుసార్లు. మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు. ఎవరి ఉత్తరమూ తిరిగి ఇచ్చేవాడు కాదని తర్వాత తెలిసింది.

"ఎన్ని?"

"ఐదు, చిన్నాన్నా," అన్నాను, నాన్న కలిపిన వరసతోనే.

"నాకు నాలుగే. నువ్వే జీతినవ్."

మా నాన్న మొహం మాడిపోయింది. నాకు మాత్రం పదకొండు రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది, నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది. ఈ బాధ ఎప్పటికి పోతుందని అడిగాను.

"పోదు," అన్నాడు. "పోతది అని చెప్పేటోళ్లది ఝూఠ్ మాట. నాకు పోలే. కాని, బేటీ, పొద్దున లేస్తే ఈ నారుకి పానీ పోయాలి. పోయకుంటే చచ్చిపోతది. అది కూడా సచ్."

తర్వాత తను చేసిన ఉద్యోగాలు ఒక్కొక్కటే చెప్పాడు, డాక్టరు మందులు చెప్పినంత పొడిగా. చక్కెర మిల్లులో చెరకు తూచే కాటా దగ్గర గుమాస్తా. "రోజూ ఒకడి గన్నా తూచి రాయాలి. నా చేత కాలే. ఆరు నెలల్లో ఛోడ్ దియా." ఇన్సూరెన్సు. "చావు సంగతి నవ్వుకుంటా చెప్పాలి. నాకు రాలే." దూరపు ద్వీపంలో బడిపంతులు. అది బాగుందట. కాని పిల్లలు పెద్ద చదువుల గురించి అడిగినప్పుడల్లా క్లాసు మధ్యలో బయటికి పోవాల్సి వచ్చేదట. ఇక నమాకాలో, విమానాశ్రయం దగ్గర, కార్లు అద్దెకిచ్చే ఆఫీసు. ఆ సంగతి చెబుతూ ఒక నారు డబ్బాని అటు తిప్పి ఇటు తిప్పి పెట్టాడు. మొక్కల మీద, నేల మీద పరిశోధన చేసే పెద్దలు మీటింగులకు అక్కడే దిగేవాళ్లు. వాళ్ల సంతకం తీసుకుని, తాళాలు చేతికిచ్చి, ఎడమ పక్క నడపండి సార్ అని చెప్పడం ఆయన పని. "సంతకం ముందర డాక్టర్ అని రాసుకుంటరు. నేను చదివి, ఠీక్ హై సార్ అంటా. నాలుగేళ్లు చేసిన. అది నువ్వు చెయ్యకు."

ఆ తర్వాత అడిగాడు ఆ ప్రశ్న, ఎవరూ అడక్కుండా నేను చేసే పని ఏమిటని. ఏమీ లేదన్నాను. నిజంగా ఏమీ లేదనే అనుకున్నాను. మా నాన్నే మధ్యలో కలగజేసుకుని, వరద వచ్చినప్పుడల్లా ఇది మా వీధిలో బావుల నీళ్లు జామ్ సీసాల్లో పట్టుకుపోయి కాలేజీలో పరీక్ష చేసి వస్తుంది, అదో పిచ్చి అన్నాడు.

"రేపు నీళ్ల ఆఫీసుకి జా."

"అక్కడ ఏం ఉద్యోగం ఉంది?"

"సీసాలు కడిగే పని ఉంది."

నాన్న లేచి నిలబడ్డాడు. ఎమ్మెస్సీ పాసైన కూతురు సీసాలు కడగాలా అని పైకి అనలేదు గాని, రేవా నది వంతెన దాటి బస్సు సువా చేరేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. నేనైతే ఆయన్ని మనసులో నానా తిట్లూ తిట్టుకున్నాను. తను మునిగింది చాలక నన్నూ ముంచుతున్నాడనుకున్నాను. నాలుగో రోజున పోయి ఆ పనిలో చేరాను. ఇంట్లో కూర్చోలేక చేరాను, అంతకంటే గొప్ప కారణం లేదు.

ఈ రోజు ఆ లాబ్‌కి నేనే పెద్దని. ఇది గెలుపు కథ అని ఎవరైనా అంటే మాత్రం నాకు మంట. పోయిన సంవత్సరం కూడా ఒక కొత్త పరిశోధన పత్రం చదువుతుంటే, ఇది నేను రాయాల్సింది కదా అనిపించి, లేచి బయటికి పోయాను. పోదని ఆయన ముందే చెప్పాడు. నా విషయంలో ఆయన మాట తప్పలేదు.

చేరిన నాలుగైదేళ్లకు ఒకసారి ఆయనే కబురు పెట్టాడు. నారు చచ్చిపోతోంది, నీళ్లు చూడమన్నాడు. సీసాలు పట్టుకుని పోయాను. షెడ్డులో వరసగా డబ్బాలన్నీ వాలిపోయి ఉన్నాయి. ఆయన మాత్రం స్థిమితంగా ఉన్నాడు. ఏ డబ్బా ఏ రోజు వాలిందో పెన్సిలుతో రేకు గోడ మీద గీతలు పెట్టుకున్నాడు. చక్కగా గళ్లు గీసి, తేదీలు వేసి. ఆ గోడ చూస్తుంటే నాకు ఉన్నట్టుండి కోపం వచ్చింది. ఇంత పద్ధతిగల మనిషికి సీటు ఎందుకివ్వలేదు, ఏ గుడ్డివాళ్లు చూశారు ఆ అర్జీ? మొహం మీదే అడిగేశాను.

"మీకు ఎందుకివ్వలేదు చిన్నాన్నా?"

"మార్కులు తక్కువ."

"అబద్ధం. మీ బ్యాచ్‌లో మీవే ఎక్కువని నాన్న చెప్పాడు."

మిట్టమధ్యాహ్నం, రేకులు కాలిపోతున్నాయి. ఒక డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. ఆయన ముక్కలు ముక్కలుగా, సగం హిందీలో చెప్పిన దాన్ని నేను నా మాటల్లో రాస్తున్నాను.

బులిలేకాలో వాళ్ల నాన్న పొలంలో, గుట్టలాంటి గట్టు మీద అర ఎకరం ఆయన అడిగి తీసుకున్నాడు. చెరకు ఒకసారి నరికాక మోడునుంచి మళ్లీ చిగురిస్తుంది గదా. ఆ గట్టు నేలలో ఏ రకం చెరకు ఎన్నేళ్లు అలా గట్టిగా తిరిగొస్తుందో తేల్చాలని ఆయన పట్టుదల. అది తేలితే లంబాసా కొండల రైతులందరికీ పనికొస్తుంది. ఒక్కో వరసకు వెదురు పుల్ల, దానికి రేకు చీటీ, చీటీ మీద నెంబరు. ప్రతి ఏడూ కోత ముందు ఒక్కో వరసలో గడలు లెక్కపెట్టి, పొడవు కొలిచి, ఆ వరస చెరకు ఆ వరసకే వేరుగా నరికి తూచేవాడు. రెండేళ్లు అలా అయింది. మూడో ఏడు అసలైనది. బలహీనమైన రకాలు కుంగిపోవడం, గట్టివి నిలబడటం బయటపడేది ఆ ఏడే. ఆస్ట్రేలియానుంచి ఒక ప్రొఫెసరు స్వయంగా వచ్చి, పొలంలో నిలబడి, తనతో కలిసి కొలుస్తానన్నాడు. అది నచ్చితే సీటు, స్కాలర్‌షిప్పు రెండూ ఇస్తాననీ రాశాడు. స్కాలర్‌షిప్పుకి ముప్పై ఏళ్లు దాటకూడదు. ఈయనకి అప్పటికి ఇరవై తొమ్మిది.

వాళ్ల నాన్న చెరకు కొట్టే గ్యాంగుకి సర్దార్. మిల్లు నడిచే రోజుల్లో ఎవరి పొలం ముందు, ఎవరిది వెనక అన్నది గ్యాంగులో పెద్ద గొడవ. అన్నదమ్ములు కూడా మాటలు మానేసేంత గొడవ. ముందు వంతు ఇవ్వడం కంటే పెద్ద మర్యాద అక్కడ లేదు. కొడుకు ప్రొఫెసరుని తీసుకురావడానికి శనివారమే విమానమెక్కి సువా పోయాడు. ఆదివారం గ్యాంగుకి సెలవు. సర్దార్ ఇంట్లో కూర్చుని గట్టు వైపు చూశాడు. ఎండుటాకు వేలాడుతూ, ఒక వరస ఏపుగా, ఒక వరస గిడసబారి, చూడటానికి దరిద్రంగా ఉంది పొలం. రేపు గోరా దొర వస్తున్నాడు. కొడుకు చదువు తేలేది రేపే. ఇలాంటి పొలం చూపిస్తే ఇంటి పరువేం కావాలి? గ్యాంగుని పిలిచాడు. పద్నాలుగు మంది, సెలవు రోజున, కూలీ అడక్కుండా వచ్చారు. పొద్దు గుంకేలోపల అర ఎకరం నున్నగా కొట్టేశారు. చెరకంతా కలిపి కట్టి, మరునాడు తెల్లవారకముందే మిల్లు ట్రక్కులకు ఎక్కించారు. వెదురు పుల్లలు పీకారు. రేకు చీటీలు పారేయలేదు. అవి పిల్లవాడి చదువు సామాను కదా. ఒక్కొక్కటీ కడిగి, దారంతో కట్టగట్టి, వరండాలో బల్ల మీద పెట్టారు.

సోమవారం పొద్దున ప్రొఫెసరుతో కారు దిగితే, గుమ్మానికి మామిడాకులు, బల్ల మీద కోడికూర, చాప మధ్యలో అతిథులకిచ్చే యంగోనా వేరు పొడి కలిపిన కొయ్య గిన్నె. పద్నాలుగు మందీ ఉతికిన చొక్కాలు వేసుకుని నిలబడ్డారు. వాళ్ల వెనక గట్టు ఖాళీగా ఉంది.

"నువ్వేమన్నావు?" అన్నాను. మీరు అనడం మర్చిపోయాను.

"నాన్న దగ్గరికి వచ్చె. 'దేఖో, ఎంత సాఫ్ చేసినమో' అనె. అట్లా ఖుషీ నేను ఎప్పుడూ చూడలే. చాలా బాగుంది నాన్నా అన్నా."

ప్రొఫెసరు మంచివాడే. కడుపునిండా తిన్నాడు, నాలుగు కొబ్బరిచిప్పల యంగోనా తాగాడు, అందరితో చేతులు కలిపాడు. నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాసుకున్నాడు. మూడో ఏటి కొలతలు లేని పరిశోధన చాలదని రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. మిగతా మూడు చోట్లవాళ్లూ మాటల తేడాతో అదే రాశారు. మళ్లీ మొదలుపెడితే ఇంకో మూడేళ్లు. అప్పటికి వయసు దాటిపోతుంది.

"మీ నాన్నకి ఎందుకు చెప్పలేదు?" ఎవరిమీద కోపమో తెలియని కోపం. "ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెప్తే గన్నా మళ్లీ లేచి నిలబడతదా?" అన్నాడు. "నాన్న అడిగె, ఎందుకు ఇయ్యలే అని. మార్కులు తక్కువ అని బోల్ దియా. చచ్చిపోయేదాకా అదే అనుకునె. గ్యాంగువాళ్లు కూడా అదే. వాళ్లు మంచి చేసినం అనుకుంటున్నరు, బేటీ. చేసిన్రు కూడా. సండే రోజు, ఫ్రీలో, ఎవరు చేస్తరు?" లేచి, డబ్బా తిరగేసి పెట్టాడు. "వాళ్లలో ఒక్కడు ఉన్నా ఈ మాట నీ దగ్గరే ఉండాలె. ఇప్పుడు పానీ చూడు."

నీళ్లలో ఏ దోషమూ లేదు. జబ్బు మట్టిలో ఉంది. అది ఆయనకి ముందే తెలుసని గోడ మీది గళ్లు చూస్తే నాకే అర్థమైంది. మరి నన్నెందుకు పిలిచాడో నేను అడగలేదు. ఇరవై ఏళ్లుగా మోస్తున్నది ఎవరో ఒకరికి చెప్పుకోవాలనిపించి ఉంటుంది. నేను అడక్కపోతే చెప్పేవాడు కాదేమో. అడిగినందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

ఆ తర్వాత ఇంకో ఇరవై ఏళ్లు నారు అమ్మాడు. పెళ్లి చేసుకోలేదు. ఒక పొద్దున మార్కెట్‌లో, తెచ్చిన నారు ఇంకా దించకముందే కుప్పకూలాడట. ఆ మాట విన్నప్పుడు ఆఫీసులో తలుపు వేసుకుని గట్టిగా ఏడ్చాను. నా గిన్నెలు సర్దే అలవాటు ఆ రోజు పనిచేయలేదు.

దహనం నౌసోరిలోనే అయింది. పదమూడో రోజు కర్మ ఆయన తమ్ముడు బులిలేకాలో పెట్టుకున్నాడు. నేను విమానమెక్కి పోయాను. పూజ అయ్యాక చాపలు పరిచారు, యంగోనా కలిపారు. ఎనభై దాటిన ఒక ముసలాయన నన్ను దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. గ్యాంగులో మిగిలింది ఆయన ఒక్కడే. ఆయన కూడా పోయిన నెల పోయాడు కాబట్టే ఇదంతా రాయగలుగుతున్నాను. పిల్లలు, మనవలు అక్కడే ఉన్నారు కాబట్టే ఎవరి పేరూ రాయడం లేదు.

ఆయన చేతివేళ్లు చెరకు కత్తి పిడి పట్టినట్టే వంగిపోయి ఉన్నాయి. ఆ వేళ్లతోనే గట్టు వైపు చూపించాడు.

"నువ్వు చదువుకున్న పిల్లవి గదా, సువానుంచి వచ్చినవ్ గదా. ఒక మాట పూఛాలె."

"అడుగు తాతా."

"ఆ గోరా వచ్చిన రోజు, ఆ ఖేత్ మేమే కొట్టినం. సండే. ఒక్క గడ ఛోడలే. దొర ఎంత ఖుషీ అయ్యె, అందరితో హాథ్ మిలాయించె. అంతా చేసినం. మరి ఎందుకు సీటు ఇయ్యలే?" చిప్ప కింద పెట్టాడు. "వాడు మార్కులు తక్కువ అనె. నా బుద్ధికి ఎప్పుడూ నమ్మకం రాలే. వాడు హుషార్ పిల్లగాడు. మా వల్ల ఏమన్నా గడ్‌బడ్ అయ్యెనా? ఇన్నేళ్లు ఎవరినీ పూఛలే. నీకు తెలుస్తది. సచ్ చెప్పు."

కర్మ చేసిన తమ్ముడు నన్నే చూస్తున్నాడు. చిన్నాన్న, నాకు తెలిసినవాళ్లలో అందరికంటే నిక్కచ్చి మనిషి, కొలవకుండా మాట ఒప్పుకోని మనిషి, ఆయన బ్యాచ్ మొత్తానికీ మొదట నిలిచిన మనిషి. ఆయన బూడిద రేవా నదిలో కలిసి పది రోజులైంది.

"మీ వల్ల ఏం కాలేదు తాతా," అన్నాను. "ఆ కాగితాలు నేను చూశాను. ఆయన మార్కులు నిజంగానే తక్కువ."